ప్యాక్ చేసిన తేదీ సరే, సచ్చిన తేదీ ఏది?

మా అమ్మకు మోకాళ్ళు రెండూ పోయాయి. పోయాయంటే ఎక్కడికో పోలేదు. ఉన్నచోటే ఉండి పని మానేశాయి. నొప్పి మాత్రం రోజూ టైముకు డ్యూటీ ఎక్కేది. లాల్‌దర్వాజాలో మేం అద్దెకుండేది పై అంతస్తులో. ఆ మెట్లు కట్టిన మేస్త్రీ ఎవడో గాని మనుషుల కోసం కట్టలేదు, పిల్లుల కోసం కట్టాడు. అమ్మ కిందికి దిగడం మానేసి రెండేళ్ళు దాటింది. అప్పటినుంచి గల్లీ మొత్తాన్ని కిటికీలోంచే ఏలింది. కూరగాయల బండివాడిని తిట్టాలన్నా, ఎదురింటి కోడలి కొత్త చీర ఎంతకు తెచ్చిందో అడగాలన్నా కిటికీయే దర్బారు.

కుర్చీలో కూర్చోబెట్టి కిందికి మోసి పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళితే మోకాళ్ళు మార్చేద్దాం అన్నాడు. తర్వాత రక్తపరీక్ష కాగితం చూసి మొహం ముడుచుకున్నాడు. ఎనిమిది దగ్గర ఉందట. "ఇంత తక్కువ రక్తంతో నేను కత్తి పట్టను. పది దాటించుకుని రండి" అన్నాడు. రక్తం పట్టే మాత్రలు రాశాడు, ఆకుకూరలు తినమన్నాడు, గుడ్లు తినమన్నాడు, కార్జం తినమన్నాడు. అమ్మ అన్నిటికీ తలూపింది. ఆటో ఎక్కాక నా చెయ్యి పట్టుకుని, "ఆయన చెప్పినయి ఆయన్నే తినమను. నాకు తిల్లి దెప్పియ్యి" అంది.

తిల్లి అంటే మేక కడుపులో కార్జం పక్కన అతుక్కుని ఉండే నల్లటి ముక్క. అరచేయంత ఉంటుంది. మా దిక్కు ఎవరికి రక్తం తక్కువైనా, బాలింతకైనా, జ్వరం పడి లేచినవాడికైనా మొదట తిల్లే. మంట మీద కాల్చి ఉప్పు, మిరియాలు చల్లి పెడతారు. చిక్కల్లా ఒక్కటే, ఒక మేకకు ఒక్కటే తిల్లి. దేవుడు కార్జానికి ఖర్చు పెట్టినంత దీనికి పెట్టలేదు. అందుకని అది డబ్బు పెట్టి కొనేది కాదు, ముందే చెప్పుకుని వంతు పట్టుకునేది. ఎవరి వంతు ఎప్పుడన్నది మా గల్లీ చివర మటన్ కొట్టు భాయ్ నోటి లెక్క.

ఈ భాయ్ గురించి పుణ్యపురుషుడని ఎవరైనా చెప్తే నమ్మకండి. ముక్కు మీద ఈగ వాలనియ్యడు, మాంసం మీద మాత్రం వాలనిస్తాడు. నేను పోతే మెడ బొక్కలు, పనికిరాని కొవ్వు నాలుగు ఎక్కువే పడతాయి. లాడ్ బజార్లో గాజుల కొట్టులో ఎన్నేళ్ళ నుంచో కౌంటర్ మీద కూర్చుంటున్నవాడిని, బేరంలో నన్ను మోసం చేయడం కష్టం అనుకుంటాను గాని, మేక ముందు నేను ఉత్త అమాయకుణ్ణి. అమ్మ నడిచే రోజుల్లో తనే పోయేది. ఆమె కొట్టు ముందు నిలబడితే భాయ్ కత్తి కూడా మర్యాదగా దిగేది.

అతని పద్ధతి ఒకటుంది. పొద్దున నమాజు కాగానే ఒక మేకను కోస్తాడు, ఆదివారమైతే మూడు. తోలు తీసినా తోక మాత్రం ఉంచుతాడు. తోకతో పాటు అది మేకపోతే అని చెప్పే ఇంకో సామాను కూడా వేలాడుతూ ఉంచుతాడు. తోక చూస్తే గొర్రె కాదని తెలుస్తుంది, రెండోది చూస్తే ముసలి ఆడమేక కాదని తెలుస్తుంది. మా గల్లీ ఆడవాళ్ళు ఏ సిగ్గూ లేకుండా ముందు అక్కడే చూసి తర్వాత ధర అడుగుతారు. పదింటికల్లా మేక అయిపోతుంది, కొట్టు కడుగుతాడు, షట్టర్ దించుతాడు. ఫ్రిజ్ లేదు. నిన్నటి మాంసం అనే మాట ఆ కొట్లో పుట్టనే లేదు.

ఇదంతా సవ్యంగా నడుస్తుండగా టీవీ వచ్చి పడింది. టీవీ అంతకుముందూ ఉంది, కాని ఆ రోజుల్లో ఏ ఛానెల్ పెట్టినా ఎవరో అధికారులు ముక్కుకు గుడ్డ కట్టుకుని ఏదో హోటల్ వంటింట్లో ఫ్రిజ్ తెరుస్తూ కనిపించేవాళ్ళు. బూజు పట్టిన చికెన్, పురుగులు పట్టిన పిండి, వెనకాల భయంకరమైన సంగీతం. మా ఇంటామె, అంటే నా భార్య, స్కూల్లో సైన్సు చెప్తుంది. ఆమె భయం ఉత్తుత్తది కాదు. అంతకు ముందు ఎండాకాలం ఒక పెళ్ళి నుంచి కట్టించుకొచ్చిన భోజనం తిని ముగ్గురం ఒకే బాత్రూం తలుపు దగ్గర కొట్టుకున్నాం. ఆ రాత్రి అమ్మ నడవలేక, ఆగలేక పడ్డ అవస్థ ఆమే దగ్గరుండి చూసింది, ఆమే కడిగింది. అందుకే టీవీ చూసిన మర్నాడు ఫోను పట్టుకుని నేరుగా మటన్ కొట్టుకు వెళ్ళింది. తోడు నేను.

మాంసం కొట్టే మొద్దు మీద ఈగ ఉంది. మా ఇంటామె దగ్గరికి వంగి ఫోటో తీసింది.

భాయ్ కత్తి ఆపాడు. "ఫోటో కైకు తీస్తున్నవ్ అమ్మా? ఈగకు పెండ్లి సంబంధం చూస్తున్నవా?"

"చేతికి గ్లౌజులేవి భాయ్? నెత్తికి టోపీ ఏది?"

భాయ్ తన నెత్తి మీది నమాజు టోపీ తడుముకుని, "ఉంది గదా" అన్నాడు.

"ఆ టోపీ కాదు. మాంసం మీద ఈగలు వాలకుండ జాలీ తెర లేదు, మొద్దు ఎప్పుడు కడిగినవో తెల్వదు. పెద్దమనిషి తినాలె మా ఇంట్ల, ఆమెకేమన్న అయితే ఎవరు జవాబు?"

నిజానికి ఆమె అడిగిన దాంట్లో ఒక్క తప్పు లేదు. కాని అడిగింది కొట్టు ముందు పదిమంది ఉన్నప్పుడు. భాయ్‌కి రోషం పొడుచుకొచ్చింది. "పొయ్యి ఏసీ దుకాన్ల కొనుక్కోండ్రి. ఆడ మేకలు గూడ గ్లౌజులు తొడుక్కొని సస్తయంట. మళ్ళ నా దుకాన్ మొఖం చూడొద్దు" అని కత్తి మొద్దు మీద దబీమని కొట్టాడు. ఈగ ఎగిరిపోయింది. మేమూ వచ్చేశాం. ఆ ఫోటో సాయంత్రానికి కాలనీ వాట్సాప్ గ్రూపులో తిరిగింది. కింద చేతులు జోడించే బొమ్మలు, కక్కుకునే బొమ్మలు బోలెడు.

ఆ ఆదివారం మెయిన్ రోడ్డు మీద పెట్టిన పెద్ద సూపర్‌మార్కెట్‌కు వెళ్ళాం. అన్యాయం మాట్లాడను, అద్దంలా ఉంది. వెతికినా ఒక ఈగ లేదు. లోపల చలికి నా మీసం నిక్కబొడుచుకుంది. మాంసం కౌంటర్ దగ్గర ప్లాస్టిక్ టోపీ పెట్టుకున్న అమ్మాయి చాలా మర్యాదగా ఉంది.

"ఇది మేకనా, గొర్రెనా?" అని అడిగాను.

"మటన్ సార్."

"మటనే. మగదా, ఆడదా?"

"బోన్‌లెస్ సార్."

"తోక ఏమైనా ఉంచిండ్రా?" అన్నాను. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. తోక పక్కన ఉండే రెండో సాక్ష్యం గురించి వివరించబోతుంటే మా ఇంటామె నా కాలు తొక్కింది. మాట మార్చి తిల్లి అడిగాను. ఆ అమ్మాయి సూపర్‌వైజర్‌ను పిలిచింది. ఆయన కంప్యూటర్లో అటూ ఇటూ వెతికి, "సిస్టంలో లేదు సార్" అన్నాడు.

"సిస్టంల కాదు సార్, మేకల ఉంటది" అన్నాను. ఆయన నవ్వలేదు. తిల్లి లేక కార్జం డబ్బా ఒకటి కొనుక్కుని వచ్చాం.

ఇంటికి రాగానే అమ్మ డబ్బాను అరచేతిలో పెట్టుకుని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. "మీద ఏమో రాసిండ్రు, సదువు" అంది. ప్యాక్ చేసిన తేదీ చదివాను. ఏ తేదీ లోపల తినాలో అదీ చదివాను.

"ప్యాక్ చేసిన తేదీ సరే. సచ్చిన తేదీ ఏది?"

లేదు. డబ్బా నాలుగు పక్కలా చూశాను. ఉష్ణోగ్రత ఉంది, కొవ్వు ఎంతో ఉంది, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరుంది. ఆ మేక ఎప్పుడు పోయిందో మాత్రం ఎవరూ రాయలేదు.

"అత్తమ్మా, చల్లగ పెడ్తరు. ఏం గాదు" అంది మా ఇంటామె.

"శవాన్ని గూడ చల్లగనే పెడ్తరు. తింటమా?"

"మాంసం తింటున్నమని బొక్కలు మెడల ఏసుకుంటమా అత్తమ్మా? తినేదేదో శుభ్రంగ తిందమంటున్న."

అమ్మ ఆ మాటకు కోపం తెచ్చుకోలేదు. డబ్బా పక్కన పెట్టి కోడలిని కూర్చోబెట్టుకుంది. పూర్వం మాకు బర్రెలుండేవి. అమ్మే పాలు పిండి, అమ్మే ఇంటింటికీ పోసేది. "చూడు బిడ్డా, పాలల్ల నీళ్ళు పోసినదాన్నే నేను" అంది. ఈ సంగతి గల్లీ అంతటికీ తెలిసిందే అయినా మా ఇంట్లో ఎవరూ పైకి అనే మాట కాదు. "పోసిన గని మొఖం జూసి పోసిన. పసిపిల్లలున్న ఇంటికి పోయ్యలే. పొద్దస్తమానం లొల్లి పెట్టే వకీలు ఇంటికి భయపడి పోయ్యలే. నోరు లేనోళ్ళకు జెర పోసిన, ఎక్కువ పోస్తే ఆళ్ళు గూడ అడుగుతరని ఫికర్ ఉండె. ఈ డబ్బా ఎవని మొఖం జూసి కట్టిండ్రు? నాకు కోపమొస్తె పొయ్యి ఎవన్ని తిట్టాలె?"

ఫోన్ నంబరుంది కదా అని నేను అనబోయి మానేశాను. అమ్మ తిట్టడం మొదలుపెడితే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే ఆ మిషన్ గతేం కావాలి.

ఆ డబ్బా మేమే వండుకుని తిన్నాం. బాగానే ఉంది. అమ్మ తినలేదు. మాత్రలు కూడా మానేసిందని తర్వాత తెలిసింది. ఆ మాత్రలేసుకుంటే దొడ్డికి నల్లగా వస్తుందట, లోపల ఏదో మాడిపోతోందని ఆమె నమ్మకం. కిటికీలోంచి ఒక్కొక్కటీ కింద పారేసింది. మళ్ళీ రక్తపరీక్ష చేయిస్తే ఎనిమిది కాస్తా ఏడున్నరకు దిగింది. డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తనే లేదు. వచ్చే నెల చూద్దాం అన్నాడు. ఆటోలో అమ్మ నాతో మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం నేను పుట్టాక ఎప్పుడూ చూడలేదు. నాకు నిజంగా భయమేసింది.

భయం పుట్టిన చోట తెలివి పారిపోతుంది. మా ఇంటామె ఇంటర్నెట్లో తిల్లి బొమ్మ చూసింది. సూపర్‌మార్కెట్ నుంచి మళ్ళీ తెచ్చిన కార్జాన్ని కత్తెరతో అచ్చం ఆ ఆకారంలో కత్తిరించింది. మంట మీద కాల్చి, నల్లదనం తక్కువైందని ఇంకాస్త కాల్చి, మిరియాలు చల్లింది. భాయ్ కొట్టు నుంచి తెచ్చామని నేను చెప్పాలి. చేసింది ఆమె, మోసింది నేను. స్కూలు పిల్లల ప్రాజెక్టుకు కూడా ఆమె ఇంత కష్టపడి ఉండదు.

అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. మా ఇద్దరి ప్రాణాలూ ఆ దవడ మీదే ఉన్నాయి.

"భాయ్ దగ్గరికి పోయినవా?"

"పోయినమ్మా."

"ఏమన్నడు?"

"ఏమంటడు, అమ్మ మంచిగున్నదా అని అడిగిండు."

"తిట్టలేదా?"

"లేదమ్మా. మంచిగనే మాట్లాడిండు."

అమ్మ పళ్ళెం కింద పెట్టేసింది. "అంత లొల్లి అయినంక భాయ్ మంచిగ మాట్లాడిండా? అయితే నువ్వు పోలే" అంది. తర్వాత పళ్ళెం వైపు వేలు చూపించి, "ఇది కార్జం. కత్తిరిచ్చి తిల్లిని జేసిండ్రు. అడ్డాల నాడు బిడ్డలు గని గడ్డాల నాడు కాదంటరు, నిజమే" అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు నేను గాజుల కొట్టులో ఉండగా మా ఇంటామె ఫోను. స్కూలు నుంచి వచ్చి మెట్లెక్కబోతే ఎదురుగా అమ్మ ఉందట. కూర్చుని, పిర్రల మీద జరుగుతూ, ఒక్కో మెట్టూ దిగుతూ సగం దాకా వచ్చి ఆగిపోయింది. కిందికి దిగలేదు, పైకి ఎక్కలేదు. చేతిలో గుడ్డ సంచి. ఎంతసేపయిందో తెలియదు. గొంతెత్తితే గల్లీ అంతా పరిగెత్తుకొచ్చే మనిషి, ఎవరినీ పిలవలేదు. నేను వెళ్ళేసరికి మా ఇంటామె ఆమె పక్కనే అదే మెట్టు మీద ఇరుక్కుని కూర్చుని ఉంది. ఇద్దరూ ఏడ్చిన మొహాలు.

"యాడికమ్మా?" అన్నాను.

"యాడికి లేదు. ఊకెనే కూసున్న" అంది అమ్మ. సంచిని ఒళ్ళోకి లాక్కుని, "నా కాళ్ళు నాకుంటే నేనే పొయ్యి చూసుకుంటుంటి గదరా. మీరు జూపిచ్చింది నమ్ముడు, మీరు వెట్టింది తినుడు. గిదేం బతుకు" అంది. ఇద్దరం చెరోవైపు పట్టి పైకి ఎక్కించాం. లోపలికి వచ్చాక మా ఇంటామె కళ్ళు తుడుచుకుని, "పో. భాయ్ కాళ్ళన్న పట్టుకొని తిల్లి తీస్కరా" అంది.

వెళ్ళాను. పదింటికల్లా మూసే కొట్టు సాయంత్రం కూడా తెరిచే ఉంది, ముందు ఇద్దరే ఉన్నారు. భాయ్ చేతులకు గ్లౌజులున్నాయి. నమాజు టోపీ మీద ఇంకో ప్లాస్టిక్ టోపీ పెట్టాడు. గోడ వారగా తెల్లటి ఫ్రీజర్ పెట్టె ఒకటి బుయ్యిమని మోగుతోంది.

నన్ను చూడగానే అందుకున్నాడు. "రా రా, ఫోటో తీస్కో. మంచిగున్ననా? అరే హౌలే, మీ ఇంటామె ఫోటో పెట్టింది, సగం గల్లీ పోయింది. కోసిన మేక సాయంత్రం దాక గట్లనే ఏలాడ్తుంది. ఏం జెయ్యాలె? డబ్బా కొన్న. ఇప్పుడు ఖుషీయేనా?"

ఆ తిట్లు వింటూ నాకు ఏదో ఊరట కలిగింది, ఇంటికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు కదా అని. కాని ఆ పెట్టెను చూస్తే ఆ ఊరట నిలవలేదు. పాచి మాంసానికి భయపడి మేం మానేశాం, మేం మానేసినందుకే ఆ కొట్లో మొట్టమొదటిసారి పాచి మాంసం పుట్టింది. మా గల్లీ తెలివి అంతా ఆ డబ్బాలో గడ్డకట్టి ఉంది.

తిల్లి అడిగాను. భాయ్ పెట్టె మూత తీశాడు. లోపల ఒకటి ఉంది, నల్లగా. చెయ్యి చాపబోయాను. మూత మూసేశాడు.

"గిది నిన్నటిది. నీకైతే ఇస్త. మీ అమ్మకు ఇయ్య."

"ఆమెకెట్ల తెలుస్తది భాయ్?"

"తెలుస్తది. కిటికీల కెళ్ళి అరుస్తది. చార్మినార్ దాక ఇనబడ్తది. నాకింక రెండు ఆడపిల్లల పెండ్లిళ్ళున్నయి, ఇజ్జత్ కావాలె." వేలి మీద ఏదో లెక్క చూసుకున్నాడు. "ఇయ్యాల్టిది పొద్దుగాలనే పోయింది. రేపటిది నెలలు నిండిన పిల్లకు చెప్పిన. ఎల్లుండిది అమ్మకు. నువ్వు రాకు. నీ చేతికిస్తే ఆమె నమ్మదు."

కార్జం కత్తిరించిన సంగతి అప్పటికే గల్లీ దాటినట్టుంది. ఖాళీ సంచితో వచ్చేశాను.

చెప్పిన రోజు తెల్లవారింది. నేను పళ్ళు తోముకుంటుంటే కింద నుంచి కేక. "అమ్మా!" కిటికీలోంచి చూస్తే భాయ్, భుజం మీద తోలు తీసిన మేక మొత్తం. నడుముకు కత్తి. మొద్దు తప్ప కొట్టు కొట్టే తెచ్చినట్టున్నాడు. గల్లీలో తలుపులు తెరుచుకున్నాయి. గుడికి పోయేవాళ్ళు పక్కకు తప్పుకున్నారు, కొందరు ముక్కు మూసుకున్నారు, ఎవరూ పోలేదు. అమ్మను కిటికీ దాకా నడిపించాం.

"తోక చూపియ్యి" అంది అమ్మ.

మేకను తిప్పి తోక చూపించాడు.

"అదీ చూపియ్యి."

అదీ చూపించాడు. ఎదురింటి కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎప్పుడు కోసినవ్?"

"ఇప్పుడే అమ్మా. చెయ్యి పెట్టు, ఇంక వెచ్చగనే ఉంది."

"నా చెయ్యి ఆడిదాక వస్తే నిన్నెందుకు పిలుస్త? నిన్నటిది ఆ గర్భిణి పిల్లకెందుకిచ్చినవ్? ఇరవై ఏండ్ల పిల్ల, పండుకుంటే పడ్తది రక్తం. నాకు పడ్తదా?"

"అమ్మా, ఆడ తల్లీబిడ్డ ఇద్దరున్నరు. నువ్వు ఒక్కదానివే."

అమ్మ కొంచెం ఆలోచించి, "సరే తియ్యి" అంది. భాయ్ అందరి ముందూ కోసి తిల్లి బయటికి తీశాడు. మా ఇంటామె గిన్నె పట్టుకుని కిందికి దిగింది. గిన్నె ఇస్తూ ఊరుకోలేదు. జాలీ కట్టు, రోజూ మొద్దును ఉప్పు వేసి మసిలే నీళ్ళతో కడుగు, అప్పుడు నేనే ఇంకో ఫోటో పెడతా అంది. భాయ్ గొణిగాడు, కాని కట్టాడు, కడిగాడు. ఆమె మాట నిలబెట్టుకుని తోకతో సహా మేక ఫోటో గ్రూపులో పెట్టింది. జనం మెల్లగా తిరిగొచ్చారు. పెట్టెలో మాంసం తగ్గి, తర్వాత మంచినీళ్ళ సీసాలు, వాళ్ళింటి టమాటాలు కనబడసాగాయి.

ఆ తర్వాత మా ఇంట్లో ఒప్పందం ఇది. ముందు మాత్ర మింగి నోరు తెరిచి చూపిస్తేనే తిల్లి పళ్ళెం వస్తుంది. సైన్సు టీచరు దగ్గర ఆటలు సాగవు. అమ్మ తిట్టుకుంటూ మింగేది, తిల్లి మాత్రం కళ్ళు మూసుకుని తినేది. కొన్నాళ్ళకు రక్తం పది దాటింది. డాక్టరు కాగితం చూసి మురిసిపోయాడు. "చూశారా, మాత్రలు బాగా పనిచేశాయి" అన్నాడు. ఆటో ఎక్కాక అమ్మ, "పాపం, మంచోడే. ఏం తెల్వదు" అంది.

ఆపరేషన్ అయింది. అది చెప్పాలంటే వేరే నోరు కావాలి. కసరత్తు చేయించడానికి వచ్చిన అమ్మాయిని అమ్మ ఏడిపించిన తీరూ, ఆ అమ్మాయి అమ్మను ఏడిపించిన తీరూ సరిసమానం. కొన్ని నెలలకు కర్ర పట్టుకుని గదిలో నడిచింది. తర్వాత కర్ర మూల పడింది. ఒక ఆదివారం పొద్దున తలదువ్వుకుని, మంచి చీర కట్టుకుని, "పా, మటన్ తెద్దం" అంది.

ఆ పిల్లి మెట్లు ఒక్కొక్కటే దిగింది. నేను ముందు నడుస్తూ వెనక్కి చూస్తుంటే, "నువ్వు ముంగట చూసి నడువు, పడితివంటే నీ మోకాళ్ళు పోతయి" అని కసిరింది. గల్లీలో ప్రతి గడపా ఆగింది. భాయ్ దూరం నుంచే చూశాడు. ఉన్న గిరాకీని పక్కకు జరిపి ప్లాస్టిక్ కుర్చీ వేసి, గుడ్డతో తుడిచాడు. ఆ మనిషి మొహం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ కుర్చీలో కూర్చోలేదు. మేక చుట్టూ తిరిగింది. తోక చూసింది, తొడ నొక్కింది, వేళ్ళు వాసన చూసుకుంది.

"తొడల కెళ్ళి కొట్టనా అమ్మా? తిల్లి గూడ నీకే" అన్నాడు భాయ్.

"వద్దు" అంది అమ్మ. చీర కుచ్చిళ్ళు సర్దుకుని రోడ్డెక్కింది. రెండో మలుపులో ఇంకో మటన్ కొట్టుంది, ఆ దిక్కుకు నడక మొదలుపెట్టింది.

నాకు తల కొట్టేసినట్టయింది. అంత చేసిన మనిషి మొహం మీద వద్దు అనేసి పోవడమా! పరిగెత్తి అందుకున్నాను. "ఏందమ్మా, మాంసం మంచిగ లేదా?"

"ఎందుకు లేదు? మస్తుగున్నది."

"మరి?"

"రెండేండ్లు ఎవ్వరేది తెస్తే అది తిన్న. కాళ్ళొచ్చినంక గూడ అదే తినాల్నా? నాలుగు దుకాన్లు చూసుకోని, వద్దనిపిస్తే వద్దని పోనీకే గదరా కాళ్ళు చేయించుకున్నది."

వెనకాల భాయ్ కొట్టులోంచి బయటికొచ్చి గల్లీ అదిరేలా తిడుతున్నాడు. పో, పోయి ఆ దొంగ దగ్గర గొర్రె తిను, మళ్ళ నా దుకాన్‌కే వస్తవ్ చూడు అంటున్నాడు. అమ్మ వెనక్కి తిరగలేదు. నవ్వుతోంది. నాకు కళ్ళు మసకేశాయి, సిగ్గుతో మాత్రం కాదు. సంచి చంకలో పెట్టుకుని, ఆమె నడకను అందుకోవడానికి కొంచెం వేగంగా నడిచాను.